బెంగళూరులో సౌనా, ఆ వెంటనే ఐస్ నీళ్ళలో మునక: బీపీ ఉన్న నాన్నని తీసుకెళ్ళొచ్చా?

గోదారోడు_మారతహళ్ళి:
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సౌనా ఉంది, అంటే చెమట పట్టేలా బాగా వేడిచేసిన గది, డిసెంబర్ నుంచి ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మందిమి కూర్చుంటున్నాం, పక్కనే డ్రమ్ములో ఐస్ గడ్డలేసిన నీళ్ళు, ఒళ్ళు కాలిపోతుంటే బయటికొచ్చి అందులో దిగడం. మొదటిసారి ఊపిరి అందలేదు, గుండె దడదడా కొట్టుకుంది, కానీ బయటికొచ్చాక ఆ హాయి చెప్పలేను. సంక్రాంతికి అమ్మానాన్నే ఇక్కడికొస్తున్నారు. నాన్నకి 63, బీపీ టాబ్లెట్ వేసుకుంటారు. ఫోన్లో చెప్తే "ఒరేయ్, కార్తీకంలో నాలుగింటికి లేచి గోదాట్లో మునిగేవాణ్ణి, నీ డ్రమ్ము నాకో లెక్కా" అంటున్నారు. ఆయనతో తీరిగ్గా కూర్చుని చాన్నాళ్ళైంది, అందుకే తీసుకెళ్ళాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

చలిచీమ:
అన్నా, ఆఫీసు పని మీద ఫిన్లండ్‌లో టాంపెరేలో రెండేళ్ళున్నా. అక్కడ రాజపోర్తి అని 1906 నాటి పబ్లిక్ సౌనా ఇప్పటికీ నడుస్తోంది. 55 లక్షల జనాభాకి సుమారు 30 లక్షల సౌనాలున్న దేశం, వాళ్ళ సౌనా సంప్రదాయాన్ని 2020లో యునెస్కో కూడా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పొయ్యి మీద కాలుతున్న రాళ్ళ మీద నీళ్ళు పోస్తే గుప్పుమని ఆవిరి లేస్తుంది, వేడి తట్టుకోలేకపోతే కింది బల్ల మీదకి దిగుతారు, లేదంటే బయటికెళ్ళి కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనరు. చలికాలంలో గడ్డకట్టిన చెరువులో కన్నం చేసి, నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగి, కాసేపట్లోనే పైకొచ్చేస్తారు. నేను చూసినంతలో అది పంతం కాదు, పక్కనున్నవాళ్ళతో ప్రశాంతంగా కూర్చోవడం. పంతం పెట్టిన చోట ఏమైందంటే, ఫిన్లండ్‌లోనే హైనోలా అనే ఊళ్ళో ఎవరు ఎక్కువసేపు వేడిలో కూర్చుంటారో చూసే సౌనా ప్రపంచ పోటీలు జరిగేవి, 2010 ఫైనల్లో ఒకాయన చనిపోయాడు, దాంతో పోటీలే ఆపేశారు. మీ గ్రూపులో "ఇంకో నిమిషం, ఇంకో నిమిషం" అనేవాళ్ళుంటే దయచేసి ఆపించండి.

నైట్‌డ్యూటీ_అక్క:
తమ్ముడూ, నేను ఎమర్జెన్సీలో నర్సుని. నాన్నగారిని డ్రమ్ములో దించొద్దు. వేడిలో రక్తనాళాలు వ్యాకోచించి బీపీ తగ్గుతుంది, ఠక్కున లేస్తే కళ్ళు తిరిగేది అందుకే. అలాంటి ఒంటితో ఐస్‌లో దిగితే నాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది, గుండె మీద భారం పడుతుంది. నీకు ఊపిరి అందకపోవడం కూడా చల్లనీళ్ళ షాకే, మొదటి నిమిషం అది ఎవరికైనా ఉంటుంది, తల ముంచకూడదు. కార్తీకంలో గోదారి ఎంత చల్లగా ఉన్నా ఐస్ డ్రమ్ముతో సమానం కాదమ్మా, పైగా ఆయన 80 డిగ్రీల గదిలోంచి వచ్చి దిగలేదు కదా. ముందు ఆయన డాక్టర్ని అడగండి, కొన్ని బీపీ మాత్రలకి వేడి పడదు. సరే అంటే కింది బల్ల మీద ఐదు నిమిషాలు, తర్వాత మామూలు నీళ్ళు కాళ్ళ నుంచి మొదలుపెట్టి చెంబుతో పోసుకోవడం, మజ్జిగ తాగడం. ఒంటరిగా వద్దు, మందు తాగి అసలే వద్దు.

జిమ్‌బాబు_కోరమంగళ:
అక్క చెప్పింది కరెక్ట్. అది సౌనానా, స్టీమ్ రూమా చూసుకో బ్రో. స్టీమ్ 45 డిగ్రీలే ఉంటుంది కానీ తేమ నిండా ఉంటుంది, చెమట ఆరదు, చాలామందికి అందులోనే ముందు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇంకోటి, బరువులెత్తిన వెంటనే ఐస్‌లో దిగకు, కండ పెరగడం తగ్గుతుంది.

గోదారోడు_మారతహళ్ళి:
అందరికీ థాంక్స్, అక్కా మీకు మరీ. మాది పొడి సౌనానే. నాన్న డాక్టర్ని అడిగారు, ఐస్ వద్దే వద్దన్నారంట, సౌనా సంగతి ఇక్కడికొచ్చాక బీపీ చూసుకుని తేలుద్దామన్నారు. నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నారు, మళ్ళీ ఆయనే అన్నారు, "సర్లే, డ్రమ్ము పక్కన నాకో కుర్చీ వెయ్యి, నువ్వు దిగుతుంటే గట్టున కూర్చుంటా" అని.