బీఆర్క్ అయింది, ల్యాండ్‌స్కేప్‌లో మాస్టర్స్ చేయాలా వద్దా?

గోదావరిగట్టు: బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ముగించి రాజమండ్రిలో ఒక ఆఫీసులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 26 వేలు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో, అంటే తోటలు, ఆరుబయలు స్థలాల డిజైన్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. విజయవాడలో ఎస్పీఏ కాలేజీ, అహ్మదాబాద్‌లో సెప్ట్ యూనివర్సిటీ, లేదంటే అప్పు చేసి అమెరికా. మాది కడియపులంక, నాన్నగారికి మూడెకరాల నర్సరీ ఉంది. "మొక్కల గురించి నేర్చుకోవడానికి మన ఊరు వదిలి పోవాలా?" అంటున్నారు. ఏం చేయమంటారు?

నర్సరీబాబాయ్: మీ నాన్న చెప్పిందే నిజం తల్లీ. 22 ఏళ్లుగా అపార్ట్‌మెంట్లకు మొక్కలు వేస్తున్నాను. పోయినేడు ఒక సైటుకి పెద్ద డిగ్రీ ఉన్నావిడ డ్రాయింగ్ ఇచ్చింది. రెండు టవర్ల మధ్య, గంటసేపు కూడా ఎండ పడని చోట కాగితంపూలు వేయమంది. పూయవని చెప్పాను, వినలేదు. సగం చచ్చాయి. నా బిల్లులో లక్షా 40 వేలు కోశారు. ఆవిడ ఫీజులో రూపాయి తగ్గలేదు.

చట్టంప్రకారం: అసలు మన దేశంలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కి లైసెన్సే లేదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరునే, పనిని కాదు. 2020లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సంతకానికి విలువ లేని డిగ్రీ ఎందుకు?

కాంటూర్: నేను ఆ మాస్టర్స్ చేసినదాన్నే. మొదటి సెమిస్టర్‌లో మొక్క పేరు ఒక్కటి కూడా చెప్పలేదు. నేల వాలు, వాన నీరు ఎటు పోతుంది, మట్టి రకం, ఇవే. ఇప్పుడు తోటల్లో సగం సెల్లార్ స్లాబు మీదే వస్తున్నాయి. తడి మట్టి ఘనమీటరుకి దాదాపు రెండు టన్నులు. చెట్టు నిలబడాలంటే మీటరు లోతైనా మట్టి కావాలి. ఆ బరువు ముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చెప్పకపోతే, తర్వాత కుండీల్లో పెట్టుకోవాల్సిందే. ఇది నర్సరీలో నేర్పరు.

చట్టంప్రకారం: లైసెన్స్ గురించి అడిగాను.

డాలస్‌నుంచి: ఇక్కడైతే రాష్ట్రం వారీగా లైసెన్స్ ఉంది, దానికి పరీక్ష ఉంది. బీఆర్క్ ఉంటే కొన్ని కాలేజీల్లో మూడేళ్ల కోర్సు రెండేళ్లలో అవుతుంది. 2023లో ఈ కోర్సుని స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో చేర్చారు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి, మూడేళ్లు దొరకొచ్చు. కానీ వీసా టెన్షన్ అలాగే ఉంటుంది. అప్పు చేసి మాత్రం రావద్దు.

నర్సరీబాబాయ్: కాంటూర్ గారూ, విశాఖ చూడండి. హుద్‌హుద్ తర్వాత ఏడాకుల చెట్లు నాటారు. పూతకొచ్చిందంటే ఆ వాసనకి తలనొప్పని జనం గోల. ఇదేనా చదువు?

కాంటూర్: త్వరగా పెరుగుతుంది, సులువుగా దొరుకుతుంది అని పెట్టిన చెట్టది. వద్దని చెప్పగలిగిన మనిషి అక్కడ ఉండాలనే నేనూ అంటున్నాను. పైగా మీ బిల్లు కోసింది బిల్డర్. ఆ కోపం నా మీద చూపించి లాభం లేదు.

నర్సరీబాబాయ్: కోపం కాదమ్మా. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో మీటింగ్‌లో నన్ను ఒక్కరూ అడగరు. కుర్చీ కూడా వేయరు. బోర్డు మీద డిజైనర్ పేరు ఉంటుంది, చచ్చిన మొక్క మాత్రం నాది. మా అబ్బాయీ ఇదే చదువుతానంటున్నాడు. చదివాక వాడూ ఆ బల్ల అవతలే కూర్చుంటాడని నా బాధ.

కాంటూర్: ఈ మాట మొదటే అనుంటే నేను వాదించేదాన్ని కాదు బాబాయ్ గారూ. ప్లాంటింగ్ ప్లాన్ గీసేముందు మీలాంటివాళ్లను పిలవకపోవడం మా తప్పే. కోర్సులో అది చెప్పలేదు. సైటు మీద రెండు వానాకాలాలు పోయాకే నాకు తెలిసింది.

గోదావరిగట్టు: ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు, "చదివాక మన మడి దగ్గరికి వస్తావా?" అని. ఖర్చు గురించి కాదన్నమాట. ముందు విజయవాడకే అప్లై చేస్తున్నాను. గేట్ స్కోరు ఉంది. ఈ వర్షాకాలం మా నర్సరీలో నీళ్లు నిలిచే మూల లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) తీసి గీస్తాను. ఆయన పక్కనుండి చెబుతానన్నారు.

నర్సరీబాబాయ్: లెవెల్స్ తీసే పరికరం, డంపీ లెవెల్, కావాలంటే చెప్పు తల్లీ, మా దగ్గరుంది.

చట్టంప్రకారం: లైసెన్స్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.