అప్‌డేట్: యెహెజ్కేలు చూసిన పట్టణం, ప్రకటన 21లోని నూతన యెరూషలేము ఒకటేనా?

నా పాత ప్రశ్న ఇది: పాత నిబంధన ప్రవక్త యెహెజ్కేలు దర్శనంలో దేవాలయం, పాపపరిహారార్థ బలులు ఉన్నాయి. బైబిల్ చివరి గ్రంథమైన ప్రకటనలో యోహానుకేమో పట్టణంలో దేవాలయమే కనబడలేదు (ప్రకటన 21:22). మరి రెండూ ఒకటెలా అవుతాయి? జవాబులిచ్చిన అందరికీ వందనాలు.

రెండు భాగాలూ పక్కపక్కన పెట్టుకుని చదవమన్న సలహా పనిచేసింది. యెహెజ్కేలు 48లో ఆలయం ఉండేది యాజకుల భాగంలో. పట్టణానికి వేరే స్థలం ఇచ్చారు. అంటే అక్కడా పట్టణం లోపల ఆలయం లేదు! అయినా దాని పేరు ‘యెహోవా యుండు స్థలము’. ప్రకటనలో ప్రభువూ గొర్రెపిల్లా (అంటే క్రీస్తు) దానికి దేవాలయం. ఇది చూసి ఒళ్లు పులకరించింది. నాలుగు వైపులా మూడేసి గుమ్మాలు, వాటికి గోత్రాల పేర్లు, నది, దాని ఒడ్డున నెలనెలా కాసే చెట్లు, అన్నీ కలుస్తాయి. ఆ చెట్ల ఆకులు స్వస్థతకని యెహెజ్కేలు అంటే, ‘జనములను’ స్వస్థపరచడానికని యోహాను అంటాడు. ఎప్పుడూ తెరిచి ఉండే గుమ్మాలు మాత్రం యెషయా 60లోవి.

బలుల సంగతి పాత నిబంధన బోధించే ఒక అయ్యగారిని అడిగాను. క్రీస్తు తిరిగి వచ్చి చేసే వెయ్యేళ్ల పాలనలో జ్ఞాపకార్థంగా జరుగుతాయని కొందరు, క్రీస్తులోనే నెరవేరాయని కొందరు అంటారట. ఆ వెయ్యేళ్ల పాలన కోసం యెరూషలేము మళ్లీ కట్టబడుతుందా అన్న దాని మీద 2వ శతాబ్దంలోనే భేదాభిప్రాయం ఉంది. కట్టబడుతుందని నమ్మిన ఆనాటి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్, అలా అనుకోని నిజ క్రైస్తవులు చాలామంది ఉన్నారని ఒప్పుకున్నాడు. క్రీస్తు ఒక్కసారే అర్పించిన బలి గురించి చెప్పే హెబ్రీ 10 చదివాక, బలులు క్రీస్తులోనే నెరవేరాయన్న మాటే నాకు సరిగ్గా అనిపిస్తోంది.