చిన్నప్పటి లేమి పెద్దవయసు నిర్ణయాల్లో కనిపిస్తుందా?

ప్రశ్న: మా నాన్నకి 71. పుట్టింది పాలమూరులో, తాత మేస్త్రీల వెంట ప్రాజెక్టు పనులకి వలస పోయేవాడు. నాన్న ఏడో తరగతితో చదువు ఆపేసి, తర్వాత మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బంతా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్ ఉంది, 8.2 శాతం ఇస్తున్నారు అంటే "ఐదేళ్లు నా డబ్బు నా చేతిలో ఉండదు" అంటారు. శుక్లాల ఆపరేషన్ కూడా ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అంటున్నారు. భూములున్న ఇంట్లో పెరిగిన మా మామయ్యేమో ఇలాంటివి నిమిషంలో తేల్చేస్తాడు. చిన్నప్పటి పేదరికం ఇంతకాలం వెంట వస్తుందా, లేక ఇది వయసు వల్లా?

జవాబు 1: వస్తుంది, కానీ ఎక్కువగా చదువు దారిలో వస్తుందని నా అభిప్రాయం. బడి మధ్యలో ఆగితే లెక్కలు, వడ్డీలు, ఫారాలు అన్నీ జీవితాంతం భయంగానే ఉంటాయి, ఉద్యోగం కూడా దాన్ని బట్టే దొరుకుతుంది. అలాగని పేదవాళ్లకి తెలివి తక్కువని కాదు. తమిళనాడు చెరకు రైతుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో అదే మనిషికి కోతకి ముందు, చేతిలో డబ్బులేనప్పుడు, ఆలోచనా శక్తి పరీక్షలో తక్కువ మార్కులొచ్చాయి, పంట డబ్బు వచ్చాక మెరుగయ్యాయి. అది అప్పటికప్పుడు ఉండే టెన్షన్ ప్రభావం. మీ నాన్నగారిది వేరు, చేతిలో డబ్బున్నా పాత జాగ్రత్త పోలేదు.

జవాబు 2: ఆయన నిర్ణయం తప్పని ముందే అనుకోకండి తమ్ముడూ. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే అప్పు కోసం ఇల్లిల్లూ తిరిగిన కుటుంబాల్లో చేతిలో డబ్బుండటమే భద్రత, వడ్డీ తర్వాతి మాట. ఆయన భయం ఐదేళ్ల గురించి కాబట్టి దానికే జవాబు చెప్పండి. ఆ స్కీమ్ ఖాతా మధ్యలో మూసేసి కూడా డబ్బు తీసుకోవచ్చు. ఏడాది లోపైతే వడ్డీ రాదు, ఏడాది దాటి రెండేళ్ల లోపైతే అసలులో 1.5 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోస్తారు, అంతే. పది లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. సగం వేసి సగం ఖాతాలోనే ఉంచమనండి. ఆపరేషన్ విషయంలో భయం ఖర్చు గురించా, కంటి గురించా అని విడిగా అడగండి. ఖర్చే అయితే హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే.

జవాబు 3: ఒక్కటి మాత్రం గమనించండి. ఎప్పటినుంచో ఇంతేనా, ఈమధ్య మారారా? షికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్లు వృద్ధుల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో రాశారు, మోసాల్ని పసిగట్టడంలో వెనకబడినవాళ్లలో తర్వాత అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని. ఎప్పుడూ జాగ్రత్తగా ఉండే మనిషి ఉన్నట్టుండి ఫోన్‌లో ఎవరో అడిగితే డబ్బు పంపడం, కట్టిన బిల్లే మళ్లీ కట్టడం లాంటివి చేస్తే దాన్ని చిన్నప్పటి పేదరికం ఖాతాలో వేయకుండా డాక్టర్‌కి చూపించాలి. అలా మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, అందరికీ. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన ఇంతే, మార్పేమీ లేదు. మధ్యలో తీసుకోవచ్చన్న సంగతి నాకే తెలియదు. మూడు నెలల వడ్డీ నేరుగా ఆయన ఖాతాలోనే పడుతుందా, పోస్టాఫీసుకి వెళ్లి తీసుకోవాలా?

జవాబు 2: పోస్టాఫీసులోనే ఆయన పేరున సేవింగ్స్ ఖాతా ఉంటే అందులో పడేలా రాసివ్వొచ్చు. ఫారం నింపేటప్పుడు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకోండి.