‘రన్’ అనే మాటను పిల్లలకు ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. సాయంత్రాలు మా వీధిలోని ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ‘రన్’ అంటే పరుగెత్తడం అని మొదట్లో నేనే నేర్పాను. మొన్న ఒక పాప ‘నోస్ ఈజ్ రన్నింగ్’ అన్న వాక్యానికి ‘ముక్కు పరుగెత్తుతోంది’ అని రాసింది. తప్పని కొట్టేయడానికి చేయి రాలేదు. నేను చెప్పిన అర్థమే కదా ఆమె రాసింది!

మన భాషలో ముక్కు కారుతుంది, నది పారుతుంది, బస్సు నడుస్తుంది, ఉతికితే బట్ట రంగు దిగుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘రన్’ ఒక్కటే. ఎన్నికల్లో నిలబడటానికీ అదే మాట. ‘రన్ ఔట్’తో చిక్కు మరీ ఎక్కువ. క్రికెట్ తెలిసిన పిల్లలకు ఇంట్లో పాలు ‘రన్ ఔట్’ కావడం, అంటే అయిపోవడం, ఎంత చెప్పినా అంతుపట్టడం లేదు.

ఆగకుండా సాగడం అనే మూలభావం ఒకటి పట్టుకుని వీటన్నిటినీ దానికి ముడిపెట్టి చెప్పవచ్చా? లేక ఒక్కో వాడుకనూ విడిగా, వాక్యంతో సహా కంఠస్థం చేయించడమే మేలా? మన ‘కొట్టు’తో పోల్చి చెబితే (ఈల కొట్టడం, ఈత కొట్టడం, కన్ను కొట్టడం) పిల్లలకు తేలికవుతుందా? పాఠాలు చెప్పిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.