సమస్యాపూరణం: బంతి వలలోన పడగానె బాధ కలిగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది.

బంతి వలలోన పడగానె బాధ కలిగె

స్లొవేకియా స్ట్రైకర్ రోబెర్ట్ విట్టెక్ ఆట మీదే పూరించాలి. మొన్న రాత్రి 2010 వరల్డ్ కప్ మ్యాచులు మళ్లీ వేసుకుని చూశాను. ఈ పాదం అక్కడే నోట్లోకి వచ్చింది, రెండు రోజులుగా వదలడం లేదు. చేపల వల, చంటిపిల్లల బంతి వద్దు. ఆటలోంచే బాధ పుట్టాలి, అది ఎవరి బాధో తేలాలి.

పాలమూరు పిల్లగాడు:
అందరికంటే ముందు నేనే.

ఇటలి గెలిచిన కప్పుతో నేగుదెంచె
విట్టెకను వాడు రెండు గోల్ వేసినంత
జగతి నేలిన జట్టుకే జంకు పుట్టె
బంతి వలలోన పడగానె బాధ కలిగె

2006లో కప్పు గెలిచిన ఇటలీ, 2010లో గ్రూపులో ఆఖరి స్థానంతో ఇంటికి పోయింది. జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లో 3–2. అందులో రెండు మనోడివే.

విజయనగరం వరలక్ష్మి:
తమ్ముడూ, ధార బాగుంది. "విట్టెకను" అని పేరును గణాల మధ్య విరిచి కూర్చోబెట్టడం నాకు చాలా నచ్చింది. కానీ మూడో పాదంలో జంకు పుట్టాక నాలుగో పాదంలో మళ్లీ బాధ ఎందుకు? రెండూ ఇటలీకే, రెండూ ఆ గోల్స్ వల్లే. సమస్యను విప్పకముందే చెప్పేశావు.

అసలు ఆ రెండో గోల్‌ని పద్యంలోకి తేవాల్సింది. 73వ నిమిషం. ఎడమ నుంచి సహ ఆటగాడు హామ్‌షిక్ నేలబారుగా బంతి పంపాడు. ఇటలీ డిఫెండర్ కియెల్లీని పక్కనే ఉన్నాడు, కాలు చాస్తే అందుతుంది. విట్టెక్ ఒక్క అడుగు ముందు చేరి దగ్గరి స్తంభం వైపు తాకించి పంపాడు. ఆ ఒక్క అడుగే స్ట్రైకర్ అంటే. ఆ అడుగు నీ పద్యంలో లేదు.

పాలమూరు పిల్లగాడు:
ఒప్పుకుంటున్నా అక్కా. ఆ అడుగు మీద ఇంకోటి రాస్తా.

అవధాని శిష్యుడు:
నాది అదే వరల్డ్ కప్, తొలి మ్యాచ్. రస్టెన్‌బర్గ్, జూన్ 15, న్యూజిలాండ్ మీద. స్వతంత్ర దేశంగా స్లొవేకియాకు అదే మొదటి వరల్డ్ కప్, అందులో వాళ్ల మొదటి గోల్ విట్టెక్‌ది. అది నిలవలేదు.

గెలుపు చేజిక్కెననుకొన్న ఘడియలోనె
రీడు తలతోడ నొక దెబ్బ రేగి కొట్టె
విట్టెకిడు గోలు విలువయే వెలితి యయ్యె
బంతి వలలోన పడగానె బాధ కలిగె

ఓరుగల్లు మాస్టారు:
బాబూ, మొదటి పాదంలోనే జారావు. "గె"కీ "ఘ"కీ యతి ఎట్లా? హల్లు సరే, అచ్చు మాటేమిటి? ఎత్వానికి అకారం చెల్లదు. అవధాని గారి శిష్యుడివని పేరు పెట్టుకుని ఇది వదిలేస్తే ఎలా?

ఒక్క మాట మార్చు చాలు.

గెలుపు చేజిక్కెననుకొన్న గెంతులోనె

యతి కుదురుతుంది, బొమ్మా కడుతుంది. గెలిచామని గాల్లోకి గెంతినవాడు నేలకు దిగేలోపే 93వ నిమిషంలో న్యూజిలాండ్ ఆటగాడు విన్‌స్టన్ రీడ్ తలతో కొట్టాడు. 1–1.

అవధాని శిష్యుడు:
మాస్టారూ, నమస్కారం. "గెంతు" నాకు తట్టలేదు. మీ దిద్దుబాటుతోనే ఉంచుతున్నాను.

గౌతమీతీరం:
దిద్దుబాటు బ్రహ్మాండంగా ఉంది, మాస్టారి చేయి అలాంటిది. కానీ ఇద్దరి పూరణల్లోనూ బాధ ఓడినవాడిదో, గెలుపు చేజారినవాడిదో. అది ఎవరైనా ఊహిస్తారు. గోల్ వేసినవాడికే, తన బంతి తన కళ్లముందు వలలో పడగానే బాధ కలగాలి. అలాంటి గోల్ విట్టెక్ జీవితంలో ఉంది.

పెనలటీ వచ్చె చివరకు, వేళ మించె
ఇరువదియు మూడు గోలులై యెక్కె పేరు
ఆడ మరియొక్క నిమిషమ్ము నైన లేదు
బంతి వలలోన పడగానె బాధ కలిగె

డర్బన్, జూన్ 28, నెదర్లాండ్స్ మీద నాకౌట్ మ్యాచ్. రాబెన్ 18వ నిమిషంలో, స్నైడర్ 84వ నిమిషంలో వేశారు. 0–2. 90 నిమిషాల తర్వాత కలిపిన సమయం కూడా అయిపోతుండగా పెనాల్టీ వచ్చింది, విట్టెక్ వేశాడు. 1–2. ఆ తన్నుతోనే ఆట ముగిసింది. దేశం తరఫున అది అతని 23వ గోల్. అంతకుముందు సిలార్డ్ నేమెత్ పేరిట ఉన్న 22 గోల్స్ రికార్డును ఆ తన్నే దాటించింది. ఆ వరల్డ్ కప్‌లో అతనికి నాలుగో గోల్ కూడా అదే. రికార్డు, ఇంటిదారి రెండూ ఒకే క్షణంలో వచ్చాయి.

విజయనగరం వరలక్ష్మి:
మూడో పాదం చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. "ఆడ మరియొక్క నిమిషమ్ము నైన లేదు." ఒక్క విశేషణం లేదు, ఏడుపు లేదు, ఉన్నమాట చెప్పారు. ఈ వారం ఇదే.

పాలమూరు పిల్లగాడు:
"గోలులై" అనడం కూడా మంచి పని. గోలుకు బహువచనం "గోళ్లు" అని ఉంటే చేతివేళ్లు గుర్తొచ్చేవి.

ఓరుగల్లు మాస్టారు:
ఊహ గొప్పది, కాదనను. కానీ "మించె" తర్వాత "ఇరువదియు" అని అచ్చుతో ఎత్తుకున్నారు. "పేరు" తర్వాత "ఆడ" మళ్లీ అంతే. రెండు చోట్లా విసంధి, అంటే సంధి చేయవలసిన చోట చేయకపోవడం. మొదటిదానికి "నిరువదియు" అంటే గణం చెడదు, యతి చెడదు. ఎందుకు అనలేదు?

గౌతమీతీరం:
మాస్టారూ, రెండు చోట్లా వాక్యం ముగిసింది. పెనాల్టీ వేసేవాడు బంతిని చుక్క మీద పెట్టి వెనక్కి నడుస్తాడు, ఒకసారి ఆగుతాడు. పాదం చివర నేను అడిగినది ఆ ఆగడమే. నకారం తెచ్చి అతికిస్తే ఊపిరి తీసుకునే చోటు పోతుంది.

ఓరుగల్లు మాస్టారు:
పాత పద్ధతిలో ఒప్పరు.

గౌతమీతీరం:
పాత పద్ధతి అంటున్నారు కనుక గుర్తుచేస్తున్నాను. 1976 యూరో ఫైనల్ మీద సమస్య ఇచ్చినప్పుడు మీరు "పనెంక"ను సూర్యగణంగా వాడారు. లఘువు, గురువు, లఘువు. అది జగణం, సూర్యగణం కాదు. ఆ రోజు చెప్పాను, మీరు బదులివ్వలేదు.

విజయనగరం వరలక్ష్మి:
ఆ పూరణలో నాకు గణంకంటే పెద్ద కష్టం ఇంకోటి. చెకొస్లొవేకియా జట్టునంతా చెక్‌లని రాశారు మాస్టారూ. ఆ రాత్రి ఫైనల్లో దిగిన పదకొండుమందిలో ఎక్కువమంది స్లొవాకులు, కెప్టెన్ అంటోన్ ఓన్డ్రుష్‌తో సహా. చివరి పెనాల్టీ పనెంకది కాబట్టి పేరంతా అటు పోయింది. విట్టెక్ పెరిగిన క్లబ్ స్లొవాన్ బ్రాటిస్లావా ఆటగాళ్లే ఆ జట్టుకు వెన్నెముక. అదే క్లబ్ 1969లో బాసెల్‌లో బార్సిలోనాను 3–2తో ఓడించి కప్ విన్నర్స్ కప్ గెలిచింది. ఆ చొక్కా ఎంత బరువైనదో తెలిస్తేనే విట్టెక్ కథ అర్థమవుతుంది.

నిర్వాహకుడు:
ఈ మాటలు తీసేయను, ఉండనివ్వండి. వరలక్ష్మి గారూ, చొక్కా అన్నారు కనుక మీ పూరణ కూడా దాని మీదేనా?

విజయనగరం వరలక్ష్మి:
అవునండీ. కుర్రాడిగా స్లొవాన్‌లో మొదలై 2003లో జర్మనీలోని నూరెంబర్గ్ వెళ్లాడు. 2005–06లో అక్కడి లీగ్ బుండెస్‌లీగాలో 16 గోల్స్ వేశాడు. 2008లో ఫ్రాన్స్‌లో లీల్, తర్వాత టర్కీలో అంకారగుజు, ట్రాబ్జాన్‌స్పోర్, హంగరీలో డెబ్రెత్సెన్. చివరికి మళ్లీ స్లొవాన్.

ఊరు విడి పెక్కు దేశాల నుండి వచ్చి
పాత చొక్కాను తొడిగెను, పరుగు తగ్గె
కాలు మునుపటి వేగాన కదలదనుచు
బంతి వలలోన పడగానె బాధ కలిగె

అవధాని శిష్యుడు:
"దేశాల నుండి వచ్చి" రెండు విధాలా పలుకుతోంది. దేశాలలో ఉండి వచ్చాడు, దేశాల నుంచి వచ్చాడు. ఎంత హాయిగా పడింది!

గౌతమీతీరం:
శ్లేష నిజంగా బాగుంది. కానీ వరలక్ష్మి గారూ, బంతి వలలో పడిందంటే కాలు కదిలినట్టే కదా? వేగం లేదని బాధపడాల్సింది బంతి అందనప్పుడు.

విజయనగరం వరలక్ష్మి:
నిజమే. నా మనసులో ఉన్నది వేరు, మాటల్లో వచ్చింది వేరు. పెద్దవాడైన ఆటగాడికి ప్రతి గోల్ తర్వాత తెలుస్తుంది, ఇలాంటివి ఇక ఎన్నో లేవని. మూడో పాదం మారుస్తున్నాను.

కొన్నె మిగిలెను తనకింక గోలులనుచు

గౌతమీతీరం:
ఇప్పుడు సమస్య దానంతటదే విడిపోయింది. నా పూరణ పక్కన ఇది నిలబడుతుంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆ "గోలులు" మళ్లీ వాడినందుకు సంతోషం.

పాలమూరు పిల్లగాడు:
23 రికార్డును తర్వాత దాటింది హామ్‌షిక్. ఇటలీ మీద ఆ రెండో గోల్‌కు బంతి అందించినోడే. దీని మీద కూడా ఒక పద్యం ఉంది, పట్టుబడ్తలేదు.

ఓరుగల్లు మాస్టారు:
గౌతమీతీరం గారికి బదులు బాకీ ఉంది. పనెంక విషయంలో తప్పు నాదే, అప్పుడే ఒప్పుకోవలసింది. రెండు రోజులు వెతికితే దారి దొరికింది. ముందు ఒక "ఆ" చేరిస్తే దానితో కలిసి ఆ మూడక్షరాలూ రెండు గలాలుగా, అంటే రెండు గురు-లఘు జంటలుగా విడిపోతాయి.

అల్ల బెల్‌గ్రేడు రాత్రిలో నా పనెంక

చెక్‌లు అన్న మాట కూడా తీసేస్తున్నాను, వరలక్ష్మమ్మా.

గౌతమీతీరం:
మాస్టారూ, గణాలు అద్దినట్టున్నాయి. యతి కూడా. మిగతా మూడు పాదాలు ఎప్పుడు?