షికాగో బ్యాండ్ మీద ఇంత పిచ్చి ఎందుకు? పాడేవాడు వెళ్లిపోయి నలభై ఏళ్లయినా?

నేపర్‌విల్_నాని:
మా టీమ్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఈ వేసవిలో షికాగో కాన్సర్ట్‌కి నన్నూ రమ్మంటున్నాడు. ఊరు కాదు, బ్యాండ్. నాకు తెలిసినవి రెండే పాటలు: 'ఇఫ్ యూ లీవ్ మీ నౌ', 'హార్డ్ టు సే ఐయామ్ సారీ'. రెండూ పాడింది పీటర్ సెటెరా, ఆయనేమో 1985లోనే బ్యాండ్ వదిలేశాడు. మొదట్లో ఉన్న ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది కొద్దిమందే. మరి ఆ గొంతే లేనప్పుడు ఈయన ఏటా డబ్బులు పోసి ఎందుకెళ్తాడు? అడిగితే "నువ్వు హార్న్స్ వినలేదు" అని నవ్వేసి ఊరుకున్నాడు. టికెట్ చవకేం కాదు. వెళ్లొచ్చంటారా? వెళ్లేముందు ఏం వినాలి?

బాకా_బాబు:
వెళ్లు బ్రో, ఆలోచించకు. నీకు తెలిసిన రెండూ మంచి పాటలే, కాకపోతే ఆ రెంటితో ఈ బ్యాండ్‌ని అంచనా కట్టలేం. హార్న్స్ అంటే ట్రంపెట్, సాక్సోఫోన్ లాంటి ఊదే వాయిద్యాలు. మామూలుగా రాక్ పాటల్లో ఇవి వెనకాల ఉండి అక్కడక్కడా వినిపించి తప్పుకుంటాయి. 1967లో వీళ్లు మొదలెట్టినప్పుడు ఆ పద్ధతే మార్చారు. ట్రాంబోన్ మీద జేమ్స్ పాంకో, ట్రంపెట్ మీద లీ లాక్‌నేన్, సాక్సోఫోన్, ఫ్లూట్ మీద వాల్టర్ పారజైడర్, ఈ ముగ్గురూ కలిస్తే ఇంకో గాయకుడు ఉన్నట్టే లెక్క. పాంకో రాసే వరసలు చాలావరకు నోటితో పాడుకునేలా ఉంటాయి. నువ్వెళ్లినప్పుడు గమనించు, మాటలు రాని చోట కూడా జనం "పప్పా పా" అంటూ హార్న్స్ వరస పాడేస్తుంటారు. అందుకే సెటెరా బ్యాండ్ వదిలి వెళ్లిపోయినా బండి ఆగలేదు.

'25 ఆర్ 6 టు 4'తో మొదలెట్టు. గిటార్, బేస్ కలిసి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తాయి చూడు, దాని మీద హార్న్స్ పడగానే ఒళ్లు ఝల్లుమంటుంది. అమెరికాలో హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లు ఈ పాట వాయిస్తూనే ఉంటాయి. మీ పెద్దాయన కూడా చిన్నప్పుడు స్కూల్లో ట్రాంబోనో ట్రంపెట్టో పట్టుకున్నాడేమో ఒకసారి అడుగు, ఈ బ్యాండ్ ఫ్యాన్స్‌లో అలాంటివాళ్లు చాలామంది ఉంటారు. రాక్ కాన్సర్ట్‌లో తమ వాయిద్యం ముందు వరసలో నిలబడ్డం వాళ్లు చూసింది ఇక్కడే మరి.

ఆ తర్వాత రెండో ఆల్బమ్‌లో 'బాలే ఫర్ ఎ గర్ల్ ఇన్ బక్యానన్' మొత్తం ఒకేసారి విను. దాదాపు 13 నిమిషాలు, పాంకో కూర్చిందే. రేడియోలో విడివిడిగా హిట్టయిన 'మేక్ మీ స్మైల్', 'కలర్ మై వరల్డ్' రెండూ దాని లోపలి ముక్కలే. ఆ రెండో దాని చివర వచ్చే ఫ్లూట్ పారజైడర్‌ది.

టెలికాస్టర్77:
అంతా బాగానే చెప్పారు గానీ వీళ్ల మొదటి గిటారిస్ట్ టెర్రీ క్యాత్ పేరు ఎత్తకుండా ఎలా వదిలేశారు సార్? నా లెక్కలో 1978 జనవరి 23 తర్వాత ఆ బ్యాండ్ వేరే బ్యాండ్. తుపాకీతో ఆడుకుంటూ పొరపాటున పేల్చుకుని పోయాడు మనిషి, ఇంకో వారం ఉంటే 32 నిండేవి. గిటారూ అతనిదే, ఆ బొంగురు గొంతూ అతనిదే ('కలర్ మై వరల్డ్' పాడింది కూడా అతనే, చాలామంది సెటెరా అనుకుంటారు). హార్న్స్ ఉన్న బ్యాండ్‌లు అప్పట్లో ఇంకా ఉన్నాయి, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ ఏం తక్కువ తిన్నారు? వాళ్లలో క్యాత్ లేడు, అదీ తేడా.

నానీ, 1970 టాంగిల్‌వుడ్ కాన్సర్ట్ వీడియో యూట్యూబ్‌లో ఉంది. అందులో '25 ఆర్ 6 టు 4' సోలో చూడు. ఆ తర్వాత 1982లో ప్రొడ్యూసర్‌గా డేవిడ్ ఫాస్టర్ వచ్చి చేసిన ఆల్బమ్ విను. హార్న్స్‌ని మూలన కూర్చోబెట్టి కీబోర్డులు, ప్రేమ పాటలు. నాకైతే అది ద్రోహమే.

పద్మ_కూకట్‌పల్లి:
@టెలికాస్టర్77 గారూ, ద్రోహం అనేది పెద్ద మాట. ఇంజనీరింగ్ హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర ఒకే ఒక్క ఇంగ్లీష్ క్యాసెట్ ఉండేది, మిక్స్‌డ్ పాటలది, అందులో 'యూ ఆర్ ది ఇన్‌స్పిరేషన్' ఉంది. బ్యాండ్ పేరు కూడా తెలియకుండా ఏళ్ల తరబడి విన్నాను. మాలాంటివాళ్లు లోపలికి వచ్చిందే ఆ ప్రేమ పాటల తలుపు తీసుకుని! అలా వచ్చాకే వెనక్కి వెళ్లి 1969 నాటి మొదటి ఆల్బమ్ విన్నాం, మొదటిదే డబుల్ ఆల్బమ్, ఎంత ధైర్యమో. అప్పటికి పేరు షికాగో ట్రాన్సిట్ అథారిటీ. ఆ ఊరి అసలు రవాణా సంస్థ కేసు వేస్తామనేసరికి పేరు కుదించుకున్నారు.

ఇంకోటి, నానికి తెలిసిన 'హార్డ్ టు సే ఐయామ్ సారీ' ఆల్బమ్‌లో అక్కడితో అయిపోదు. ఏడుపు పాట అయిన వెంటనే 'గెట్ అవే' అని హార్న్స్‌తో అదరగొట్టే ముక్క అతుక్కుని వస్తుంది. రేడియోవాళ్లు చాలాసార్లు దాన్ని కోసేసి వేసేవారు. ఫాస్టర్‌ని తిట్టేవాళ్లలో ఎంతమంది పాట ఆఖరిదాకా విన్నారో నాకు అనుమానమే 🙂

టెలికాస్టర్77:
సరే మేడమ్, 'గెట్ అవే' ఒప్పుకుంటున్నా. ఆ ఒక్క ముక్కే కానీ.

క్లారినెట్_కొడుకు:
మా నాన్న తెనాలి చుట్టుపక్కల పెళ్లి బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవారు. ఇంగ్లీష్ పాటలంటే ఆయనకి అస్సలు గిట్టదు. పోయిన సంక్రాంతికి ఆ టాంగిల్‌వుడ్ వీడియో టీవీలో పెట్టి చూపించా, పాట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, కళ్లు మాత్రం ఆ ముగ్గురి మీద నుంచి తిప్పలేదు. కాసేపయ్యాక "ముగ్గురూ ఒకేచోట ఊపిరి పీలుస్తున్నార్రా, చూడు" అన్నారు. వెనక్కి జరిపి మళ్లీ చూశాం. నిజమే, ట్రాంబోన్ భుజం లేస్తే మిగతా ఇద్దరి భుజాలూ లేస్తున్నాయి. ఊరేగింపులో నడుస్తూ వాయించేటప్పుడు అలా కలవకపోతే పాట చెల్లాచెదరైపోతుందట, ఏళ్లు కలిసి వాయిస్తే తప్ప రాదట. నేను అన్నేళ్లు విన్నా పట్టుకోలేనిది ఆయన కాసేపట్లో పట్టేశారు.

లైవ్‌లో ఇంకా కావాలంటే న్యూయార్క్ కార్నెగీ హాల్ కాన్సర్టుల ఆల్బమ్ ఉంది, 1971 ఏప్రిల్‌లో చేసినవి, అప్పట్లో నాలుగు ఎల్పీల సెట్. దాంట్లో హార్న్స్ బొమ్మ బూరల్లా వినిపించాయని పాంకోయే విసుక్కున్నాడు. 2021లో మొత్తం కాన్సర్టులు 16 సీడీలుగా మళ్లీ మిక్స్ చేసి వదిలారు, లాక్‌నేన్ దగ్గరుండి చేయించాడు, సౌండ్ చాలా మెరుగు. యాభై ఏళ్ల కిందటి ఒకే వారం కాన్సర్టుల్ని 16 సీడీలు కొనుక్కుని వినేవాళ్లు ఉన్నారంటే ఇక నీ ప్రశ్నకి వేరే జవాబు ఏముంది నానీ!

బాకా_బాబు:
ఫ్యాన్స్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వీళ్లు 1994 నుంచే అర్హులు, పిలిచింది మాత్రం 2016లో. విమర్శకులకి వీళ్లంటే ఎప్పుడూ చిన్నచూపే. ఆ ఏడాది ఆన్‌లైన్‌లో జనం ఓట్లు వేస్తే మొదటి స్థానం వీళ్లదే. పైగా మాస్కోలో లియోనిడ్ అనే ఆయన నోట్స్ ఎక్కడా దొరక్క, చెవితో విని రాసుకుని, తోటి వాయిద్యకారుల్ని పోగేసి వీళ్ల పాటలు యథాతథంగా వాయించి యూట్యూబ్‌లో పెట్టాడు. 'లియోనిడ్ అండ్ ఫ్రెండ్స్' అని వెతుకు. చివరికి వాళ్లు అమెరికా వచ్చి టూర్లు చేస్తుంటే షికాగో ఫ్యాన్సే టికెట్లు కొనుక్కుని వెళ్తున్నారు.

నేపర్‌విల్_నాని:
అందరికీ థాంక్స్. టాంగిల్‌వుడ్ చూశాను, పద్మ గారు చెప్పిన 'గెట్ అవే' కూడా విన్నాను. పెద్దాయనకి సరేనని చెప్పేశా. బాబు అన్నా, నువ్వన్నది కరెక్టే, స్కూల్లో ట్రాంబోనేనట. క్యాత్ గురించి ఇంకా తెలుసుకోవాలంటే ఏం చూడాలి?

టెలికాస్టర్77:
'ది టెర్రీ క్యాత్ ఎక్స్‌పీరియన్స్' అని 2016లో డాక్యుమెంటరీ వచ్చింది. తీసింది ఆయన కూతురే, నాన్న పోయేటప్పటికి ఆ అమ్మాయికి రెండేళ్లు కూడా నిండలేదు. కాన్సర్ట్‌కి వెళ్లొచ్చాక చూడు, ముందే చూస్తే స్టేజీ మీద ఉన్న గిటారిస్ట్ ఎంత బాగా వాయించినా నీకు ఆనదు.