బాండింగ్ చేసినా లోపలికి వచ్చే ట్రాఫిక్ ఒకే పోర్టులో... ఎందుకు?

లైనక్స్ సర్వర్‌లో రెండు 1 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు కలిపి, ఒకే లింకులా పనిచేసేలా 802.3ఏడీ మోడ్‌లో బాండ్ చేశాను. స్విచ్‌లోనూ ఎల్‌ఏసీపీ (ఇలా లింకుల్ని కలిపే ప్రొటోకాల్) ఆన్‌లోనే ఉంది, రెండు లింకులూ ఒకే అగ్రిగేటర్ ఐడీ చూపిస్తున్నాయి, అంటే ఒకే గుంపులో చేరాయి. ఒక్క కనెక్షన్‌కి 2 గిగాబిట్లు రావని తెలుసు, ఆ ఆశ లేదు. హ్యాష్ పాలసీని (ఏ కనెక్షన్ ఏ లింకులో వెళ్లాలో తేల్చే పద్ధతి) లేయర్ 3+4కి, అంటే ఐపీ అడ్రస్‌లు, పోర్ట్ నంబర్లకి, మార్చాక బయటికి వెళ్లే ట్రాఫిక్ రెండు పోర్టులకీ చక్కగా పంచుకుంటోంది. లోపలికి వచ్చేది మాత్రం మొదటి పోర్టులో 940 మెగాబిట్ల దగ్గర ఆగిపోతోంది, రెండోది దాదాపు సున్నా!

స్విచ్‌లో లోడ్ బ్యాలెన్స్ మ్యాక్ అడ్రస్‌ల (నెట్‌వర్క్ కార్డుల హార్డ్‌వేర్ అడ్రస్‌లు) మీద ఉంది. క్లయింట్లన్నీ రౌటర్ అవతల ఉన్నాయి కాబట్టి స్విచ్‌కి ఎప్పుడూ అదే మ్యాక్ జంట (రౌటర్‌ది, సర్వర్‌ది) కనిపిస్తోందని నా అనుమానం. నిజమేనా? స్విచ్‌లో దాన్ని ఐపీకి మారిస్తే మిగతా బండిళ్లలో (ఇలాగే కలిపిన లింకుల్లో) నడుస్తున్న కనెక్షన్లు తెగిపోతాయా? పగలు ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. చేసినవాళ్లెవరైనా చెప్పండి, ప్లీజ్.